ఇసుక మీద గుర్రం: ఎడారి దారిలో, కడలి అంచున



సెలవులు వచ్చాయంటే మన సరిహద్దు జిల్లాల వాళ్ళ మనసు సముద్రం మీదికి పోతుంది. ఇందులో వింత ఏమీ లేదు. హిందూపురం, మడకశిర, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, కుప్పం, ఈ ఊళ్ళలో ఎక్కడ నిలబడి చూసినా మనకు కనిపించే పెద్ద నీళ్ళు చెరువు నీళ్ళే. ఆ చెరువులో నీళ్ళు ఏడాదికి ఎన్ని నెలలు ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మన పిల్లలు నాలుగు రోజులు సెలవు దొరికితే తల్లిదండ్రులను వెంటబెట్టుకుని చెన్నైకో, విశాఖపట్నానికో, గోవాకో బయలుదేరుతున్నారు. ఇంకొంచెం చేతిలో డబ్బు ఆడేవాళ్ళు గుజరాత్‌లోని కచ్‌కు, ఒమాన్‌కు, మొరాకో దేశంలో అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఎస్సౌయిరాకు కూడా వెళ్ళి వస్తున్నారు. ఆ చివరి చోట్ల ప్రత్యేకత ఏమిటంటే, ఒకే ప్రయాణంలో ఇసుక తిన్నెలూ, సముద్రపు ఒడ్డూ రెండూ గుర్రం మీద చూసి రావచ్చు. ముందు ఒక మార్గదర్శి, వెనక వరసగా నాలుగైదు గుర్రాలు.

గుర్రం ఎక్కాలనే సరదా అందరికీ ఉంటుంది. ఎక్కేముందు తెలుసుకోవలసినవి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. కాబట్టి ఇవాళ ఇసుక మీద గుర్రపు స్వారీ గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక మాట. ఎడారి అనగానే రాజస్థాన్ దాకా పోనక్కరలేదు. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటే నవ్వుకుంటూ ఉంటారు. వేదవతి, అదే మన హగరి నది ఒడ్డున గాలికి లేచిన ఇసుక పొలాల మీదికి వచ్చి దిబ్బలు దిబ్బలుగా పేరుకున్న చోటు అది. వేరుశనగ వేసుకోవలసిన భూమిలో ఇసుక మేట వేస్తే రైతుకు ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. అటు బెంగళూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణంలో కావేరి ఒడ్డున తలకాడు ఉంది. అక్కడ గుళ్ళే ఇసుకలో కూరుకుపోయాయి. అలమేలమ్మ శాపమని కన్నడ దేశంలో కథ చెబుతారు. ఇక అసలైన ఎడారి ఎండ సంగతి అడగాలంటే కువైట్ వెళ్ళి వచ్చిన రాయచోటి, రాజంపేట వాళ్ళను మించినవాళ్ళు లేరు. మనకు తెలియనిది ఎడారి కాదు, గుర్రం.

నిజానికి గుర్రం మనకు అంత పరాయిది కూడా కాదు. ఒకప్పుడు మన రాజ్యాలు గుర్రం మీదే నిలిచాయి. ఆ గుర్రాలు సముద్రం మీదనే వచ్చేవి. అరేబియా నుంచి, పారశీక సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్ నుంచి ఓడల్లో ఎక్కించి పడమటి కోస్తాలో భట్కళ్, గోవా రేవుల్లో దించేవారు. 16వ శతాబ్దంలో విజయనగరంలో కొన్నేళ్ళు ఉండి వెళ్ళిన నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు, రాయలవారు ఏటా 13,000 గుర్రాలు కొనేవారని రాశాడు. అంతకంటే ముందు కాలంలో సాళువ నరసింహరాయలైతే, దారిలో చచ్చిపోయిన గుర్రానికి కూడా వెల ఇచ్చేవాడట. తోక తెచ్చి చూపిస్తే చాలునట! బతికి ఒడ్డు చేరినది దొరకడం అంత కష్టం. వచ్చినవైనా ఇక్కడి తేమకూ, ఇక్కడి మేతకూ తట్టుకోలేక త్వరగా పోయేవి. 13వ శతాబ్దంలో పాండ్యదేశం చూసిన మార్కో పోలో కూడా ఇదే మాట చెప్పాడు. లాడం కొట్టేవాడు లేడు, గుర్రానికి ఏం పెట్టాలో తెలిసినవాడు లేడు అని. ఆ కొరత తీర్చడానికే కాబోలు, మన తెలుగులోనే మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాలూ, వాటి వైద్యమూ చెబుతూ హయలక్షణ విలాసమనే పద్యకావ్యం రాశాడు. బెంగళూరు నుంచి పడమటగా 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న కుణిగల్ అశ్వశాల టిప్పు సుల్తాను అశ్వదళానికి గుర్రాలు పెంచిన చోటు.

గుర్రం దక్షిణాదిలో ఎందుకు కష్టపడిందో అర్థమైతే, సముద్రపు ఒడ్డున అది ఎందుకు కష్టపడుతుందో కూడా అర్థమవుతుంది. గుర్రం మనలాగే చెమట పోసి ఒళ్ళు చల్లబరచుకునే జంతువు. కుక్కలా నాలుక చాపి ఒగర్చదు. అసలు గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే తీసుకోవాలి. గట్టిగా పని చేస్తే గంటకు పది పదిహేను లీటర్ల చెమట పోస్తుంది, ఆ చెమటలో ఉప్పు మన చెమటలో కంటే ఎక్కువ. చెమట పోస్తేనే చాలదు, అది ఆరాలి. ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఇట్టే ఆరిపోతుంది. సముద్రపు ఒడ్డున గాలిలో తేమ నిండి ఉంటుంది. చెమట ఆరదు, ఒంటి మీద నురగలా నిలుస్తుంది, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అందుకని పొడి నేలలో 38 డిగ్రీల కంటే తీరంలో 33 డిగ్రీలు గుర్రానికి ఎక్కువ ప్రమాదం కావచ్చు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లు పైన ఉన్న ఊరు. అక్కడి చల్లగాలికి అలవాటు పడిన మనిషికి కూడా చెన్నై స్టేషన్‌లో దిగగానే చొక్కా ఒంటికి అంటుకుంటుంది కదా. గుర్రం చొక్కా విప్పలేదు, పైగా మనల్ని మోస్తుంది.

ఎడారికి వేరే చిక్కు ఉంది. చెమట వెంటనే ఆరిపోవడం వల్ల గుర్రం ఎంత నీరు పోగొట్టుకుందో పైకి కనబడదు. ఒళ్ళు పొడిగా ఉంది, బాగానే ఉంది అనుకుంటాం. మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. ముడత అలాగే నిలబడితే నీరు తగ్గిందన్నమాట. ఈ పరీక్ష ఆవులకూ పనికివస్తుంది, మన పాడిరైతులకు తెలిసినదే. గుర్రానికి రోజుకు మామూలుగానే 25 నుంచి 45 లీటర్ల నీళ్ళు కావాలి. మంచి మార్గదర్శి దారి వేసేటప్పుడు మొదట చూసేది దృశ్యాలను కాదు, నీళ్ళు ఎక్కడున్నాయో చూస్తాడు.

ఇక ఇసుక సంగతి. ఇసుకంతా ఒకటే అనుకుంటాం. కాదు. అక్కచెల్లెళ్ళకు సులువుగా అర్థమయ్యేలా రాగిపిండితో చెబుతాను. పొడి రాగిపిండి గుప్పెట పట్టుకుంటే జారిపోతుంది. కొలతగా నీళ్ళు పడితే ముద్ద అవుతుంది. నీళ్ళు ఎక్కువైతే అంబలి అవుతుంది. సముద్రపు ఒడ్డున ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి. పైన ఎండిన ఇసుక, కాలు వేస్తే లోపలికి దిగబడుతుంది. అలల అంచున నీళ్ళు నిండిన ఇసుక, అది అంబలి, ఒక్కోసారి అదీ దిగబడుతుంది. ఈ రెండింటి నడుమ, అల వచ్చి వెనక్కి పోయి తడి మాత్రం మిగిలిన పట్టీ ఒకటి ఉంటుంది. అదే ముద్ద. రేణువుల మధ్య పలచటి నీటి పొర నిలిచి వాటిని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతుంది. గుర్రం నడవవలసింది ఆ పట్టీ మీద.

ఎందుకంత పట్టింపు అంటారేమో. గుర్రానికి మోకాలి కింద కండ లేదు. ఎముక, దాని వెనక తాళ్ళలాంటి స్నాయువులు, అంతే. 450 కిలోల దేహాన్నీ, పైన కూర్చున్న మనల్నీ అడుగడుగునా ఆ తాళ్ళే సాగి, ముడుచుకుని మోస్తాయి. లోతైన ఇసుకలో డెక్క దిగబడినప్పుడల్లా అవి మామూలు కంటే ఎక్కువ సాగుతాయి. అలా అరగంట పరుగెత్తిస్తే లోపల నారలు తెగవచ్చు. తెగిన స్నాయువు మానడానికి నెలలు పడుతుంది, మానినా పాత బలం రాదు. మెత్తటి ఇసుక కదా, కాళ్ళకు హాయి అనుకోవడం మన పొరపాటు. అలాగని ఇసుక ఎప్పుడూ చెడ్డది కాదు. ఇంగ్లండులో సౌత్‌పోర్ట్ అనే తీరపు ఊళ్ళో రెడ్ రమ్ అనే గుర్రం ఉండేది. కాలి ఎముక జబ్బుతో వచ్చిన ఆ గుర్రాన్ని జింజర్ మెకెయిన్ అనే శిక్షకుడు సముద్రపు ఒడ్డునే, తడి ఇసుక మీదా ఉప్పునీళ్ళలోనూ తిప్పి తిప్పి తయారుచేశాడు. అది గ్రాండ్ నేషనల్ అనే కఠినమైన పందెం 1973లో, 1974లో, మళ్ళీ 1977లో గెలిచింది. ఏ ఇసుక మీద, ఏ వేళకు, ఎంతసేపు అన్నది తెలిసినవాడి చేతిలో పడింది కాబట్టి గెలిచింది.

ఆ తడి పట్టీ రోజంతా ఒకే చోట ఉండదు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఆ వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు మరీ పెద్దది. లోనాడు వాళ్ళం మనకు ఇది అలవాటు లేని లెక్క. నిన్న ఆరింటికి బ్రహ్మాండంగా ఉన్న దారి నేడు ఆరింటికి నీళ్ళలో ఉండవచ్చు. మార్గదర్శితో వెళ్ళాలనడం ఇందుకే. అతనికి పోటు వేళ తెలియాలి, జాలరుల వలతాళ్ళు ఎక్కడ ఇసుకలో పూడి ఉంటాయో తెలియాలి, పీతల బొరియలున్న చోటు తెలియాలి. మీరు బేరం ఆడేముందు "ఇవాళ పోటు ఎన్నింటికి బాబూ?" అని అడగండి. తడుముకోకుండా చెప్పాడా, నమ్మవచ్చు.

గుర్రం దగ్గరికి ఎప్పుడూ ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళాలి. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందరా, సరిగ్గా తోక వెనకా మాత్రం కనబడదు. వెనక నుంచి వెళ్ళి తట్టితే తన్నడం దాని తప్పు కాదు. ఎడమ వైపు నుంచే ఎక్కాలి. రికాబులో పాదం మొత్తం దూర్చకండి. వేళ్ళ వెనకటి మెత్తటి భాగం మాత్రమే ఆనించి, మడమ కిందికి దించి ఉంచాలి. పడితే పాదం వెంటనే ఊడి రావాలి. రికాబులో కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోవడమే అన్నిటికంటే ప్రాణాంతకం. అందుకే చెప్పులు పనికిరావు, కొంచెం మడమ ఉన్న బూటు కావాలి. పగ్గాలు చేతికి చుట్టుకోకూడదు. గడ్డం కింద పట్టీ ఉన్న శిరస్త్రాణం లేకుండా ఎక్కనే వద్దు. "అయిదు నిమిషాలేగా సార్" అంటారు. తల పగలడానికి అయిదు నిమిషాలు కూడా అక్కర్లేదు. పసిపిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, జీనుకు కట్టివేయడం రెండూ చేయకూడనివే. పిల్ల గుర్రం మీద ఉన్నంతసేపూ తలతాడు పట్టుకుని ఒక మనిషి పక్కనే నడవాలి. గుర్రాలు తిరిగే చోట మట్టిలో ధనుర్వాతపు క్రిములు ఉంటాయి కాబట్టి ఆ టీకా సంగతి ముందే చూసుకోండి.

ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు ముందుకు వంగి గుర్రానికి మెడ వదలండి. దిగేటప్పుడు నిటారుగా కూర్చుని తిన్నగా దిగనివ్వండి. ఏటవాలుగా అడ్డం తిప్పితే వెనక కాళ్ళు పక్కకు జారతాయి. అలల పక్కన నడిచేటప్పుడు కిందికి చూడకండి. వెనక్కి పోయే నీళ్ళను చూస్తే మీరే పక్కకు కదిలిపోతున్నట్టుండి కళ్ళు తిరుగుతాయి. దూరంగా ఓడలు కనబడే గీత మీద చూపు నిలపండి. ఇంకొకటి, ఇది చాలామంది చెప్పరు: గుర్రం నిలబడి ముందుకాలితో నీళ్ళనో ఇసుకనో గీరడం మొదలుపెడితే అది ఆట కాదు. పడుకుని పొర్లబోతోంది! వెంటనే తల ఎత్తించి ముందుకు నడిపించాలి. ఈ సంగతి తెలియక నేను ఒకసారి జీనుతో సహా ఉప్పునీళ్ళలో కూర్చున్నాను. గుర్రం లేచి దులుపుకుని వెళ్ళింది. నా కాలిమడమ నెలరోజులు వాచింది.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయానికి వస్తాను. రెండేళ్ళ కిందట ఒక సముద్రతీరంలో మా అక్క కూతురు, పదకొండేళ్ళ పిల్ల, గుర్రం ఎక్కుతానని మారాం చేసింది. సరే అని పిలిచాను. గుర్రం తెల్లగా, పొడుగ్గా, ఒకప్పుడు పందెంలో పరుగెత్తిన జాతిలా ఉంది. అలాంటివి కొన్ని ఇటు వస్తూ ఉంటాయి. పందెపు గుర్రం రెండేళ్ళ వయసులో పరుగు మొదలుపెడుతుంది, చాలావాటికి ఏడెనిమిదేళ్ళకల్లా ఆ బతుకు అయిపోతుంది. గుర్రమేమో పాతికేళ్ళు బతికే ప్రాణి. మిగతా ఏళ్ళు ఎక్కడో ఒకచోట మెతుకు సంపాదించుకోవాలి. కొన్ని స్వారీ నేర్పే బడులకు, కొన్ని పెళ్ళి ఊరేగింపులకు, కొన్ని ఒడ్డుకు.

నాకు అలవాటు కొద్దీ, "జీను కింద ఒకసారి చూపించు బాబూ" అన్నాను. అతను చూపించడానికి ఇష్టపడలేదు. నేను అడ్డుతెర కాస్త ఎత్తి చూస్తే, వెన్ను మీద అరచేయంత పుండు. దాని మీద పసుపు అద్ది ఉంది. పిల్ల చూసింది. "మామా, నేను ఎక్కను" అంది. నేను అతన్ని గట్టిగానే మందలించాను. అతను అంతా విని, "నిజమే సార్. ఇవాళ బేరం లేకపోతే రాత్రికి దీనికి దాణా ఎక్కడిది? నేను పస్తుంటాను, ఇది ఉండలేదు కదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. స్వారీ డబ్బు చేతిలో పెట్టి, రెండు రోజులు జీను వేయవద్దని చెప్పి వచ్చేశాను. వేశాడో లేదో తెలియదు. మనం ఎక్కకపోతే దాణా పోతుంది, ఎక్కితే పుండు పెరుగుతుంది. నేను మాత్రం పుండు ఉన్న గుర్రాన్ని ఎక్కవద్దనే చెబుతాను. ఎందుకంటే ఎక్కేవాళ్ళు ఉన్నంతకాలం ఆ పుండుకు మందు వేసే తీరిక ఎవరికీ దొరకదు. పుండు లేని గుర్రాన్ని వెతికి, దాని యజమానికి అడిగిన దానికంటే పది రూపాయలు ఎక్కువ ఇవ్వండి. పక్కవాళ్ళు చూస్తూనే ఉంటారు.

ఏం చూడాలి అంటే, నాలుగైదు సంగతులు చాలు. జీను కిందా, పొట్టపట్టీ కిందా, నోటి మూలలా పుండ్లున్నాయా? పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉన్నాయా? నడకలో తల ఎగరేస్తోందా? ముందుకాలు నొప్పి ఉంటే, ఆ కాలు నేలను తాకినప్పుడల్లా తల పైకి లేస్తుంది. లాడాలు వదులుగా గలగలమంటున్నాయా? దాని ముందు నీళ్ళ బక్కెట్టు ఎక్కడైనా ఉందా? బరువు లెక్క కూడా ఉంది. జీనుతో కలిపి గుర్రం తన బరువులో అయిదో వంతు మించి మోయకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. ఒడ్డున తిరిగే చిన్న తట్టు 250 కిలోలుంటే, దానికి 50 కిలోలే హద్దు. కాబట్టి నాలాంటి భారీ మనుషులు చిన్న తట్టు పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడమే న్యాయం.

చట్టం కూడా ఊరుకోలేదు. 1960లో వచ్చిన జంతుహింస నిరోధక చట్టం కింద, బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో నియమాలు చేశారు. రోజుకు తొమ్మిది గంటలు మించి, విశ్రాంతి లేకుండా వరసగా అయిదు గంటలు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు పని చేయించరాదు. మిట్టమధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు కూడా దాటవచ్చు. ఆ వేళకు గుర్రం తెచ్చి నిలబెట్టినవాణ్ణి పంపేయండి. తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ రమ్మనండి.

మరి ఇవన్నీ మొదటిసారి ఒడ్డున నిలబడి నేర్చుకోవడం అయ్యే పని కాదు. బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. దేవనహళ్ళి వైపు 1996లో మొదలైన ఎంబసీ రైడింగ్ స్కూలు మొదలు, ఊరి చుట్టూ స్వారీ నేర్పే బడులు ఉన్నాయి. ఆ ఊరి పిల్లవాడే ఫవాద్ మీర్జా. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో వ్యక్తిగతంగా రజతం, జట్టుతో ఇంకో రజతం తెచ్చాడు. 1982 ఢిల్లీ క్రీడల తరువాత మనకు గుర్రపు స్వారీలో వచ్చిన మొదటి వ్యక్తిగత పతకం అది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీద తుది పోటీ దాకా వెళ్ళి 23వ స్థానంలో నిలిచాడు. మనం అంత దూరం పోనక్కరలేదు. ప్రయాణానికి నెల ముందు నాలుగు ఆదివారాలు గుండ్రటి మైదానంలో తిరిగి, నడక మీద నిలకడగా కూర్చోవడం, ఆపడం, తిప్పడం నేర్చుకుంటే చాలు. ట్రాట్ అనే కుదుపు నడకలో గుర్రంతోపాటు లేచి కూర్చోవడం వస్తే ఇంకా మంచిది. అది రాకపోతే మీ నడుము, దాని నడుము రెండూ నొప్పే. దౌడు మాత్రం ఈ విడతకు వద్దు. ఒడ్డు తిన్నగా, పొడుగ్గా కనబడితే గుర్రానికి కూడా పరుగెత్తాలని బుద్ధి పుడుతుంది. ముందు గుర్రం పరుగెత్తితే వెనకవి ఆగవు.

స్వారీ అయ్యాక దిగి వెంటనే వెళ్ళిపోకండి. చివరి పది నిమిషాలు నడకే ఉండాలి, ఊపిరి కుదుటపడాలి. కాళ్ళ మీదా, పొట్ట కిందా మంచినీళ్ళు పోసి ఉప్పు కడగాలి. లేకపోతే పట్టీల కింద ఉప్పు రాసుకుని మర్నాటికి అక్కడే పుండు లేస్తుంది. మేత ఇసుక మీద పోయకుండా గోనెపట్టా పరిచి వేయమనండి. గుర్రం వాంతి చేసుకోలేదు. మేతతో కడుపులోకి పోయిన ఇసుక పేగుల్లో పేరుకుని భయంకరమైన కడుపునొప్పి తెస్తుంది, దానితో ప్రాణాలు పోయినవి ఉన్నాయి. ఆ తరువాత జీను విప్పి వదిలేస్తే, అది రెండడుగులు వేసి, ముందుకాలితో ఇసుక గీరి, వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి పొర్లుతుంది. పిల్లలను పదడుగుల దూరంలో నిలబెట్టి అది చూపించండి.